కొండచిలువకు ఉడుకునీళ్లు

కడపలో మేముండే వీధి చివర ఒక కోళ్ల అంగడి ఉంది. ఆదివారం పూట అటు పోతే, కోసిన కోడిని ఉడుకునీళ్ల డ్రమ్ములో ముంచి తీసేటప్పుడు లేచే తడి ఈకల వాసన వీధి మలుపు దాకా వచ్చి తగులుతుంది. అందరూ కొంగో చేతిరుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటుకుంటారు. నా నడక మాత్రం నాకు తెలియకుండానే తగ్గిపోతుంది. ఆ వాసన బాగుంటుందని కాదు. పదకొండేళ్ల వయసులో వంటింటి గడప దగ్గర గొంతుక్కూర్చుని, చచ్చిన ఎలుకను ఉడుకునీళ్ల గిన్నెలో ముంచి పట్టుకున్న నా చేతులు గుర్తొస్తాయి. ఆ యేడు నేను ఒకే ఒక్క మాటను పట్టుకుని ఇంట్లో అందరి వెంటా తిరిగాను. ఆ మాట వినే మనిషి దొరకలేదన్న ఉక్రోషం ఇప్పటికీ ఆ అంగడి ముందర మళ్లీ లేస్తుంది.

మాది మైదుకూరుకు ఏడెనిమిది మైళ్ల దూరంలో, లంకమల కొండలు నీలంగా కనబడే చిన్న ఊరు. మా నాయన జయరాజు ఊళ్లోని పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవాడు కాబట్టి మిగతా ఐదు రోజులూ చుట్టుపక్కల పల్లెల ఎద్దులకూ ఎనుములకూ గొర్రెలకూ మా నాయనే డాక్టరు. ఆసుపత్రి వెనకాలే మా క్వార్టరు: రెండు గదులు, సిమెంటు మిద్దె, వాకిట్లో నీళ్ల తొట్టి, దాని పక్కన వేప చెట్టు. రెండేళ్లుగా సరైన వానలు లేని రోజులవి. శెనిక్కాయ చేన్లు మోకాటి ఎత్తు కూడా ఎదగకుండానే మాడిపోయేవి, మేత లేక బక్కచిక్కిన ఎద్దులను మైదుకూరు సంతకు తోలుకుపోయేవాళ్లు మా వాకిటి ముందర నుంచే తల వంచుకుని నడిచిపోయేవాళ్లు. అయినా పిల్లలం మాకు ఏ లోటూ తెలిసేది కాదు. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం రాగిసంగటిలోకి శెనిక్కాయల ఊరిబిండి, సాయంత్రం వేప చెట్టు కింద రాళ్లతో అచ్చనగండ్లు. ఈస్టర్ పండగకు మా అవ్వ మార్తమ్మ చేసే ఓళిగల మీద నెయ్యి కారి అరచేతి గీతల్లోకి దిగితే, చర్చి మెట్ల మీద కూర్చుని ఆ గీతలన్నీ నాకి నాకి శుభ్రం చేసుకునేదాన్ని.

ఆ యేడు శివరాత్రి దాటినాక ఒక మధ్యాహ్నం, కొండ కింద కంపచెట్లు తీసేస్తున్న కూలీలు ఇద్దరు యూరియా సంచి మోసుకొచ్చి ఆసుపత్రి వసారాలో దించారు. సంచిలో కొండచిలువ. ఐదడుగుల పొడవుంటుంది, ఇంకా పిల్లదే. ట్రాక్టరు బ్లేడు తగిలి నడుము మీద జానెడు మేర చర్మం చీలి, లోపలి తెల్లటి కండ కనబడుతోంది. చంపేద్దామని కొందరంటే, జయరాజన్న దగ్గరికి తీసుకుపోదామని ఈ ఇద్దరూ పట్టుబట్టారట. మా నాయన దాని తల మీద తడిగుడ్డ వేయించి, దూడలకు కుట్లు వేసే సూదితోనే తొమ్మిది కుట్లు వేశాడు. అడవి శాఖ వాళ్లకు అదే రోజు ఫోన్ చేసి చెప్పాడు. జీపు లేదు, వచ్చి తీసుకుపోతాం, అంతదాకా మీ దగ్గరే ఉంచండి అన్నారు అవతలి నుంచి. అంతదాకా అన్నది ఐదు నెలలైంది.

పాముకు ఇల్లు కావాల్సి వచ్చి అమ్మ జాలీ బీరువా పోయింది. పిల్లులు పాలు తాగకుండా, ఎలుకలు బెల్లం కొరకకుండా ఆమె పెళ్లయిన కొత్తలో చేయించుకున్న ఇనుపవల తలుపుల బీరువా అది. నాయన అరలు ఊడదీసి, అడుగున గోనెపట్ట పరిచి, ఒక మూల మట్టిమూకుడులో నీళ్లు పెట్టి, దాన్ని ముందు గదిలో కిటికీ కింద పెట్టించాడు. అమ్మ నోరెత్తలేదు గానీ పాలగిన్నె మీద రాయి పెట్టిన ప్రతిసారీ ఆ రాయి చేసే చప్పుడు మాత్రం నాయనకు వినబడేటట్టే పెట్టేది. అవ్వ మాత్రం బాహాటంగానే తిరగబడింది. ఆమె పొద్దున్నే స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, ముందు గదిలోనే కూర్చుని బైబిలు వాక్యం చదువుకునేది. ఇప్పుడు వేప చెట్టు కిందికి మారింది.

"తోటలో మొట్టమొదటి ఆడమనిషిని చెరిపింది అదే గదరా," అనేది నాయనతో. "దాన్ని తెచ్చి నా మంచం పక్కన పెడితివి."

"అది వేరే పాములేమ్మా," అనేవాడు నాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

అసలు బాధ అది ఇంట్లో ఉండడం కాదు, ఏమీ తినకపోవడం. మొదట ఊరివాళ్ల మాట మీద పాలు పెట్టారు, మూకుడులోనే పెరుగైపోయాయి. కోడిగుడ్డు పెడితే దాని మీద తల ఆనించుకుని పడుకుంది. కోడిపిల్లను వదిలితే, పాము తన దెబ్బ నొప్పికి ఒక మూల ముడుచుకుని కదలనే లేదు. కోడిపిల్ల కీచుకీచుమని అరుస్తుంటే భరించలేక అవ్వే తలుపు తీసి దాన్ని కొంగులో వేసుకుపోయింది, తర్వాత అది పెరిగి పెద్దదై మా పెరట్లో గుడ్లు కూడా పెట్టింది. బతికున్న ఎలుకను వదిలిన రోజు ఇంకా అన్యాయం. ఆ ఎలుకే పామును కొరికింది, కుట్ల పక్కనే. మళ్లీ రెండు కుట్లు పడ్డాయి. ఇక బతికున్నదేదీ పెట్టేది లేదని నాయన తీర్మానించాడు.

శెనిక్కాయల వ్యాపారం చేసే రంగయ్య శెట్టి గోడౌనులో ఎలుకలకు కొదవ లేదు. రోజూ పొద్దున్నే బోనులో పడి చచ్చినదాన్ని తోకపట్టి కాగితంలో చుట్టి ఆయనే పంపేవాడు. వాళ్లింట్లో పాములకు మొక్కుతారు, మా ఇంట్లో పాము ఆకలితో ఉందంటే ఆయన మనసు ఒప్పలేదు. నాయన ఆ ఎలుకను పొడుగాటి పటకారుతో పాము మూతి ముందర పెట్టి అటూ ఇటూ ఆడించేవాడు. అది చూసేది కూడా కాదు. సాయంత్రానికి ఎలుక కట్టెలా బిగుసుకునేది, చీమలు పట్టేవి, నేను పారతో తీసుకుపోయి తొట్టి వెనక పూడ్చేదాన్ని. రోజూ ఇదే పని. ఎండాకాలం సెలవులు మొదలయ్యేసరికి తొట్టి వెనక పూడ్చడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. నీళ్లకు పోయే ఆడవాళ్లు, ఎనుములు తోలుకొచ్చే మొగవాళ్లు, చర్చిలో నా పక్కన కూర్చునే పిల్లలు, అందరిదీ ఒకటే ప్రశ్న: తినిందా? లేదు. ఈ పొద్దన్నా తినిందా? లేదు. పాస్టరు అయ్యగారు కూడా ఒకసారి వచ్చి, జాలీకి రెండడుగుల దూరంలో నిలబడి, "తినిందా అమ్మా?" అని అడిగి, ప్రార్థన చేయాలో వద్దో తేలక టీ తాగి వెళ్లిపోయాడు. పాము చర్మం వదులై, వెన్నెముక గట్టులా పైకి తేలింది.

ఒక పొద్దున అమ్మ నాయన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె. నిప్పులు రాజేయడానికి దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, విసనకర్రతో విసిరి, మళ్లీ ముందు గది మీదుగా లోపలికి వస్తూ జాలీ బీరువా పక్కగా నడిచింది. రెండు నెలలుగా రాయిలా పడి ఉన్న పాము ఒక్కసారి లేచి జాలీని గుద్దుకుంది. బీరువా కదిలి గోడకు తగిలింది. అమ్మ పెట్టె కింద పడేయకుండా ఎట్లా ఆపుకుందో ఆమెకే తెలియదు. నేను పక్కనే కూర్చుని అచ్చనగండ్లు ఏరుకుంటున్నాను. అది అమ్మ మీదికి రాలేదు, ఆమె కాళ్ల మీదికీ రాలేదు. సరిగ్గా ఆ పెట్టె మీదికే వచ్చింది. అంతకు ముందు చల్లగా ఉన్న పెట్టెను ఆమె అదే దారిన మోసుకుపోయినప్పుడు అది కన్నెత్తలేదు.

నాయన రాగానే ఎదురుపోయి చెప్పాను.

"నాయనా, దానికి ఉడుకు తెలుస్తాది. సల్లటి ఎలుక దానికి కనపడదు. ఉడుకు జేసి పెట్టు."

"అదేమన్నా అల్లుడా పాపా, ఉడుకుడుగ్గ వడ్డించేదానికి?" అని నవ్వి, చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించాడు. "ఇరవై ఏండ్ల సర్వీసు నాది. భయపడి కొట్టింటాది. గమ్మునుండు."

మరుసటి రోజు నేను ఎవరినీ అడగలేదు. అమ్మ సంగటి కెలికి ముద్దలు చేస్తుంటే రెండు ముద్దలు తీసుకున్నాను. ఒకటి రాత్రి మిగిలిన చల్లది, ఒకటి పొగలు కక్కుతున్నది. రెండింటినీ పాత లంగా గుడ్డలో వేర్వేరుగా మూటకట్టి, కర్రకు వేలాడదీసి, జాలీ తలుపు కొంచెం తెరిచి లోపలికి పోనిచ్చాను. చల్లటి మూట మూతికి తగిలినా పాము కదలలేదు. వేడి మూట ఇంకా జానెడు దూరంలో ఉండగానే దాని తల అటు తిరిగింది, నాలుక ఆడింది, మెడ వెనక్కి ముడుచుకుంది. ఆ తర్వాత జరిగింది నా కళ్లకు అందలేదు. చూసేసరికి సంగటి మూట దాని నోట్లో ఉంది, మూడు చుట్లు చుట్టి పిసుకుతోంది. గుడ్డలోంచి సంగటి వేళ్ల సందుల్లోంచి వచ్చినట్టు బయటికి వస్తోంది. నా కేకకు అమ్మ పరుగెత్తుకొచ్చి చూసింది. అవ్వా చూసింది.

"మనుషులకే లేని కాలంలో పాముకు సంగటి పెడతాండావా?" అని అవ్వ నా వీపు మీద ఒకటి వేసింది. దెబ్బ నాకు తగలనే లేదు. ఇద్దరు పెద్దవాళ్లు నా కళ్ల ముందే సాక్ష్యం చూశారు, అది చాలనుకున్నాను.

అమ్మ కూడా చెప్పడంతో నాయన ఒప్పుకున్నాడు, నన్ను సముదాయించడానికి ఒప్పుకున్నట్టు. మే నెల మిట్టమధ్యాహ్నం, ఆసుపత్రి నుంచి భోజనానికి వచ్చి, శెట్టి పంపిన ఎలుకను వాకిట్లో తొట్టి నీళ్లలో ముంచాడు. స్టవ్ మీద నీళ్లు కాగబెట్టమంటే, "తొట్టి నీళ్లే ఉడుకుతాండాయి గదా, చెయ్యి పెట్టి చూడు," అన్నాడు. నిజమే, ఎండకు బాగా కాగి ఉన్నాయి. ఆ ఎలుకను పటకారుతో పట్టి పాము ముందర పావుగంట ఆడించాడు. పాము తల కూడా ఎత్తలేదు.

"చూసినావా?" అన్నాడు.

చూశాను. ఆ మధ్యాహ్నం కరెంటు కూడా లేదు. నేను తడి తువాలు కప్పుకుని నేల మీద పడుకుని, నాకు నేనే అబద్ధమైపోయినట్టు ఏడ్చాను. ఆ తర్వాత మూడు వారాలు నేను ఆ మాట ఎత్తితే చాలు, నాయన "చేసి చూసినాం గదా" అనేవాడు. ఒక్కసారి, అదీ తొట్టి నీళ్లతో చేసి, చేసి చూసినాం అనడం ఏమిటని నాకు కడుపు మండిపోయేది. అయినా ఎందుకు తినలేదో నాకూ తెలియదు కదా. కొన్నాళ్లకు మైదుకూరు నుంచి ఏవో బలం మందులు తెప్పించి, రెండు రోజులకొకసారి పాముకు సూది వేయడం మొదలుపెట్టాడు.

ఎండాకాలమంతా మేము వాకిట్లోనే పడుకునేవాళ్లం. అవ్వ పక్కన నా మంచం. తెల్లవారుజామున కొండల మీది నుంచి చల్లటి గాలి వచ్చేది, దుప్పటి కప్పుకోవాల్సినంత చల్లన. ఒక రోజు ఆ చలికి మెలకువ వచ్చి, కళ్లు తెరవకుండానే అవ్వ మంచం వైపు జరిగాను. ఆమె వీపు ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. తాకకుండానే, చూడకుండానే, వెచ్చదనం వచ్చే దిక్కును బట్టి తెలిసిపోయింది. అదే అవ్వ మధ్యాహ్నం నా పక్కన కూర్చుంటే, కళ్లు మూసుకుంటే ఉందో లేదో తెలిసేది కాదు. మధ్యాహ్నం గోడ ఉడుకు, నేల ఉడుకు, ట్రంకుపెట్టె ఉడుకు, ఎలుక కూడా అంతే ఉడుకు. అన్నీ ఒకటే అయితే పాము దేన్నని పట్టుకుంటుంది? చుట్టూ చల్లగా ఉన్నప్పుడు కదా వెచ్చనిది వేరుగా తెలిసేది.

నాయన ఆ వారం గొర్రెల టీకాల పని మీద పక్క మండలానికి పోయాడు. నేను అమ్మను ముందురోజే బతిమాలుకున్నాను. శెట్టి పంపిన ఎలుకను మట్టికుండ పక్కన చల్లటి చోట దాచాం. తెల్లారేసరికి అమ్మ కిరసనాయిలు స్టవ్ మీద నీళ్లు కాగబెట్టింది. నేను ఎలుకను ప్లాస్టిక్ కవర్లో పెట్టి గిన్నెలో ముంచి, మధ్యమధ్య నా చెంపకు ఆనించి చూసుకున్నాను. మనిషి ఒంటికన్నా కొంచెం ఎక్కువ, జ్వరం వచ్చిన మనిషంత. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. అమ్మ పటకారు పట్టింది.

"అది నా చెయ్యి పట్టుకుంటే ఎట్లమ్మే?" అంది.

"నీ చెయ్యికన్నా ఎలుకే ఉడుకుగ ఉండాదిమా. దూరంగా పట్టుకో."

పాము తల తిప్పింది. పట్టుకుంది. చుట్టుకుంది. తర్వాత చాలాసేపు కదలకుండా ఉండి, మెల్లగా చుట్లు వదులు చేసి, ఎలుక తల వెతుక్కుని, దవడలు ఒకటి తర్వాత ఒకటి ముందుకు జరుపుతూ మింగడం మొదలుపెట్టింది. తోక చివర లోపలికి పోయేదాకా నేనూ అమ్మా ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. వేప చెట్టు కింద వాక్యం చదువుకుంటున్న అవ్వ లేచొచ్చి కిటికీలోంచి చూస్తోంది. "తినిందిలే పాపం," అంది చివరికి.

నాయన మూడో రోజు సాయంత్రం వచ్చాడు. అమ్మ వాకిట్లోనే చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. లోపలికి పోయి పాము పొట్ట మీది ఉబ్బును చూసి, బయటికి వచ్చి, "సూదులు పనిజేసినాయి," అన్నాడు.

నేను అంతా చెప్పాను. తెల్లవారుజాము, నీళ్లు, కవరు, అవ్వ వీపు. ఆయన శ్రద్ధగా విన్నాడు, తల నిమిరాడు. "మంచిదే. కానీ ఆకలి పుట్టించింది మందు పాపా. ఆకలి పుడితే ఎట్ల పెట్టినా తింటాది."

ఊరంతా అదే చెప్పాడు. పదిరోజులకొకసారి అమ్మా నేనూ చీకటి విడిచే వేళకు లేచి ఎలుకను కాచి పెట్టడం, అది తినడం, నాయన సూదుల గొప్ప చెప్పడం. రంగయ్య శెట్టి ఆయనకు శాలువా కప్పినంత పని చేశాడు. నల్లపాడు వైపు నుంచి ఒకాయన బక్క ఎనుమును తోలుకొచ్చి, "పాముకేసిన సూదే మా ఎనుముకూ వెయ్యన్నా," అన్నాడు. నేను వసారాలో నిలబడి విన్నాను. అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? నాయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే నమ్మాడు.

జూలైలో అడవి శాఖ జీపు వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి, పామును చూసి, దెబ్బ మానింది గానీ ఇంకా బలం పుంజుకోవాలని, దూరంగా ఉన్న ఒక జంతువుల కేంద్రానికి తీసుకుపోతామన్నారు. నాయన వాళ్లకు అరగంట సేపు సూదుల గురించి చెప్పి, మిగిలిన మందు సీసా కూడా ఇచ్చాడు. నేను నోట్‌బుక్కు కాగితం మీద రాసి పెట్టుకున్నాను: తెల్లవారుజామున పెట్టాలి, నీళ్లు ఇంత ఉడుకుండాలి, చెంపకు ఆనించి చూడాలి, గది చల్లగా ఉండాలి. పొట్టిగా ఉన్నాయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "బాగా చదువుకో పాపా," అన్నాడు. అక్షరాలు బాగున్నాయని మెచ్చుకుంటున్నాడేమో, ఒక్క ముక్క చదవనైనా లేదు. జీపు పోయాక అమ్మ బీరువాను మూడుసార్లు సబ్బునీళ్లతో కడిగింది. అందులో పాలు పెట్టడానికి మాత్రం మళ్లీ ఎప్పుడూ ఆమెకు మనసొప్పలేదు.

సెప్టెంబరులో అడవి వాచరు ఒకాయన తన మేకకు మందు కోసం వచ్చి, మాటల్లో, "ఆ పాము ఆడ ఏం తినడం ల్యాదంట సార్. మీ సూదులు గూడా వేసినారంట," అన్నాడు. ఆ మధ్యాహ్నం నాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఊరిబిండి అలాగే ఉంది. తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"నీళ్లు ఎంత ఉడుకు పెడతాంటివి పాపా?"

చెయ్యి కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని శెట్టి అంగడి పక్కన ఉన్న టెలిఫోన్ బూతుకు నడిచాడు. ఆ కేంద్రం నంబరు కలిసేసరికి గంట పట్టింది. కలిశాక రిసీవరు నా చేతికిచ్చాడు. "నువ్వే చెప్పు. నాకు సరిగ్గా తెలీదు."

నేను మొదలుపెట్టాను. రెండు మాటలు కూడా కాకముందే అవతలి మనిషి, "పాపా, ఫోను మీ నాయనకియ్యి," అన్నాడు. ఇచ్చాను. నాయన మొహం నేనెప్పుడూ చూడనంత గట్టిగా బిగుసుకుంది.

"ఇప్పుడు చెప్పిందే నేను చెప్పేది గూడా," అన్నాడు ఫోన్లో. "ఆ పాప పెడితేనే తినింది. నా సూదులకు కాదు. కాగితం తీస్కొని రాసుకోండి." నా వైపు వంగి, ఒక్కో మాట నన్ను అడిగి, ఒక్కో మాట ఫోన్లో చెప్పాడు. బూతు బయట నలుగురు నిలబడి వింటున్నారు. అవతలి మనిషి ప్రతి మాటకూ సరే సార్, సరే సార్ అంటున్నది నాకూ వినబడుతోంది.

నెల తర్వాత నాయన ఉండలేక బస్సెక్కి ఆ కేంద్రానికి పోయొచ్చాడు. వచ్చి, చెప్పులు విప్పి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని, నా పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"మనం ఫోన్ చేసిన దినానికే అది ల్యాదంట పాపా. అప్పటికే చచ్చిపోయి వారమైందంట. ఫోనెత్తినోనికి ఆ సంగతి తెలీదు."

అవ్వ లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత నాయన దగ్గరికి ఎవరు పశువును తోలుకొచ్చినా, పెద్దవాళ్లు చెప్పేది విన్నాక, దాన్ని మేపే పిల్లలెవరని అడిగి వాళ్లనూ పిలిపించి మాట్లాడించేవాడు.

నాయన పోయి ఆరేళ్లవుతోంది. అవ్వ అంతకు ముందే పోయింది. మొన్న ఎండల్లో పని మీద అటు పోయి చూశాను. క్వార్టరు పడగొట్టారు, వేప చెట్టు కూడా లేదు. ఆసుపత్రి కొత్త భవనం బాగుంది గానీ వసారాలో కట్టేసిన పశువు ఒక్కటీ లేదు, ఊళ్లో ఎద్దులున్న ఇళ్లు రెండో మూడో అన్నారు. శెట్టి గోడౌనులో ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. కొండ కింద కంపచెట్లున్న నేలంతా చదును చేసి నిమ్మతోటలు వేశారు. అక్కడ కొండచిలువలు ఉండేవని తోట కాపలా ఆయనతో అంటే, "ఈడ యాడుండాయక్కా, నీకెవురో చెప్పింటారు," అన్నాడు, నేను చూసినదాన్ని నాకే కాదని చెబుతూ.

నాయన మీద కోపం ఎప్పుడో పోయింది. బూతులో ఆయన గొంతు విన్న రోజే పోయిందేమో. ఫోనెత్తిన ఆ మనిషి మీద మాత్రం పోలేదు. అతని పేరు తెలియదు, మొహం తెలియదు. పక్క గదిలో పాము ఉందో లేదో కనుక్కోకుండా, మేము చెప్పిందంతా రాసుకుంటున్నట్టు సరే సార్, సరే సార్ అన్నాడు.